ప్రొక్లెయిన్ నుదుటికి పసుపు

భవానీపురంలో కాలవ తవ్వుతున్న ప్రొక్లెయిన్ నుంచి వేడి ఆయిలు వాసన రాగానే నవ్వొచ్చి ఆగిపోయాను.

చల్లపల్లి దగ్గర మా పొలాలన్నీ పోయాక తాతయ్యకు మిగిలింది అలాంటి పాత ప్రొక్లెయిన్ ఒక్కటే. నా చిన్నప్పుడు ఒక దసరాకి దానికి పసుపు పూసే పని నాకప్పగించారు. ఆయిలు ట్యాంకు మీది గుండ్రటి మూతే దాని నుదురనుకుని ముద్దంతా అక్కడే మెత్తాను. మర్నాడు పనిలోకి దించగానే అది కీచుమంది, బకెట్ లేవలేదు. పసుపు కళ్లలో పడి ఏడుస్తోందనుకున్నాను.

"ఆయిలు పంపు పోయినట్టుందండీ," అన్నాడు డ్రైవరు. కొత్త పంపు కొనాలంటే బండి అమ్ముకోవడమే. తాతయ్య నిటారుగా నిలబడ్డారు.

ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ బండి స్టార్ట్ చేయించి, పంపుకి పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు. తర్వాత ట్యాంకు మూత వదులు చేశాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. కీచు ఆగింది.

"పంపు రాయిలా ఉందండీ! మూతకున్న గాలి రంధ్రాలు పసుపుతో పూడిపోయి, ఆయిలందక అరిచింది. ఎవరండీ ఆ భక్తులు?"

"మా మనవరాలు," అన్నారు తాతయ్య. "మా ఇంట్లో ఏ పనీ పలచగా చెయ్యరు."

బకెట్ లేచింది. అందరూ నవ్వారు. ఆ మెప్పుని నేను వారం రోజులు బళ్లో చెప్పుకున్నాను. బండి దక్కిన సంతోషంలో ఆయనలా అన్నారని ఇప్పుడు తెలుసు. అయినా ఆ మాటను వదులుకోను.