వెంకటముని ఇంటికి వాషింగ్ మిషన్

జీవకోనలో వెంకటముని ఇల్లెక్కడ అని అడిగితే బుర్ర గోక్కుంటారు. మిషన్ ముని ఇల్లెక్కడ అని అడగండి, చేతిలో పని పక్కన పెట్టి వీధి మలుపు దాకా వచ్చి మరీ చూపిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా తిరుపతిలో వాషింగ్ మిషన్లు బాగుచేయడమే అతని బతుకు. లాడ్జీల్లో దుప్పట్లుతికే పెద్ద మిషన్ల నుంచి, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళ ఇళ్ళల్లోని బుల్లి మిషన్ల దాకా అతని చెయ్యి తగలనివి తక్కువే.

అతనికొక అలవాటుంది. వెళ్ళగానే స్క్రూడ్రైవర్ తియ్యడు. మిషన్ ఆన్ చేయించి, మూత మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. లోపల నీళ్ళు తిరుగుతుంటే అతను మెల్లగా ఆ ఇంట్లోంచి జారుకుంటాడు. చిన్నతనంలో ఒక్క ఏడాది స్వర్ణముఖి నది నిండుగా పారింది. ఆ ఏడాది ఒడ్డున మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డ పిల్లవాడైపోతాడు. నీళ్ళు కాళ్ళ కింద ఇసకను తోడుకుంటూ పోతాయి, ఎండ నీళ్ళ మీద ముక్కలు ముక్కలుగా ఆడుతుంది. ఆ నీళ్ళ అడుగునుంచి ఎక్కడో సన్నగా ఒక మూలుగు వినిపిస్తుంది. ఈలోపు ఇంటివాళ్ళు, మనిషి నిలువునా నిద్రపోయాడేమోనని గట్టిగా దగ్గుతారు. అతను కళ్ళు తెరిచి, "బేరింగ్ పొయ్యిండాదమ్మా" అంటాడు. ఆ మాట ఇంతవరకూ తప్పలేదు.

లాడ్జీ మిషన్ల జాలీ విప్పితే గుండ్లు గీయించుకున్నవాళ్ళ వెంట్రుకలు, తులసి ఆకులు, జేబుల్లోంచి జారిన చిల్లర బయటపడతాయి. ఆ చిల్లర ముట్టుకోడు. ఒక డబ్బాలో వేసి, ఏడాదికోసారి కొండెక్కి హుండీలో పోసి వస్తాడు. ఎవరి మొక్కు వాళ్ళకే దక్కాలంటాడు. పని ముగించి బయటికి వచ్చేముందు ప్రతి ఇంట్లోనూ అదే పాఠం చెబుతాడు: "బోరు ఉప్పునీళ్ళు పొయ్యొద్దండి. పౌడరు రవంతే ఎయ్యండి. మడ్డి గుడ్డలు మాత్రం దీంట్లో ఎయ్యనే ఎయ్యొద్దు, మిషన్ చస్తాది."

ఇంతటి మనిషి ఇంట్లో వాషింగ్ మిషన్ లేదు. దీపం కింద చీకటి అంటారే, అది ఈ ఇంటికి అతికినట్టు సరిపోతుంది. భార్య చంద్రకాంతమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి, అంటే ఇరవై నాలుగేళ్ళుగా, ఇంటి వెనక బండ మీదే ఉతుకుతోంది. అడగక కాదు. అడిగినప్పుడల్లా "మంచిది రానీ చంద్రా, సూస్తాండా గదా" అనేవాడు. అది అబద్ధమూ కాదు. నిజంగానే చూస్తూ ఉన్నాడు, చూడడంలోనే ఆమె తల సగం నెరిసింది.

చంద్రకాంతమ్మ పూలు కడుతుంది. మల్లెపూల కాలంలో వీధి వీధంతా ఆమె దగ్గరే కొంటారు. వాకిట్లో కూర్చుని, పక్కింటావిడతో కబుర్లాడుతూ, పూల వంక చూడకుండానే మూర తర్వాత మూర కట్టేస్తుంది. ఈ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆమె కట్టిన మాలలోంచి పూలు రాలిపోయాయి. మర్నాడూ అంతే. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోతున్నాయి. డాక్టరు మణికట్టు అటూ ఇటూ వంచి చూసి, పరీక్షలు చేయించి, లోపల నరం నొక్కుకుపోయిందన్నాడు. రెండు నెలలు పట్టీ కట్టుకుని, తడిబట్ట పిండకుండా ఉంటే స్పర్శ తిరిగి రావచ్చట. పిండుతూ పోతే మాత్రం ఆపరేషన్ చేసినా ఆ వేళ్ళు పూర్తిగా వస్తాయని చెప్పలేనన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె తలలోంచి ఒక మల్లెమొగ్గ తీసి వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది.

"మొగ్గ పట్టుకున్నా గులకరాయి పట్టుకున్నా ఒకే మాదిరిగా ఉండాదయ్యా" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఏదో వింత చెబుతున్నట్టు.

వెంకటమునికి ఆ పూట అన్నం సయించలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది.

మర్నాడు పొద్దున్నే తిలక్ రోడ్డులో ధనంజయ దుకాణానికి పోయాడు. ధనంజయ మిషన్లు అమ్ముతాడు, అవి మూలపడితే వెంకటముని లేపుతాడు. ఇద్దరిదీ పాత స్నేహం.

"ఏమప్పా మునీ, రిపేరుకు నేను పిలవలేదే?"

"రిపేరుకు గాదు. మా ఇంటికి ఒకటి కావల్ల."

ధనంజయ నవ్వబోయి, స్నేహితుడి మొహం చూసి ఆగాడు. "నువ్వు యాడ చెయ్యి పెడితే అదే తీసిస్తా పో" అన్నాడు.

రెండు వైపులా తెల్లగా, మౌనంగా మిషన్లు బారులు తీరి ఉన్నాయి. వెంకటముని మొదటిదాని మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అది తిరగడం లేదు, కరెంటే లేదు దానికి. అయినా అతనికి దాని ముసలితనం కనిపించింది. మూడో ఏడు బోరునీళ్ళకు లోపల ఉప్పు సున్నంలా పేరుకుంటుంది, నాలుగో ఏడు మూలుగుతుంది. రెండోదాని బోర్డులోకి చీమలు దూరతాయి. మూడోదాని తలుపు రబ్బరు బూజు పట్టి చిరుగుతుంది. నాలుగోదాని వైర్లు ఎలుక కొరుకుతుంది. దుకాణం గోడలు ఎప్పుడు కరిగిపోయాయో, అతను తాను తిరిగిన వందల ఇళ్ళలో, వందల స్నానాల గదుల్లో చీకటి మూలల వెంబడి నడుస్తున్నాడు. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నమైంది. చెయ్యి ఏ మిషన్ మీదా నిలవలేదు. ఒక్కొక్కటి ఎట్లా చస్తుందో మాత్రం పైకే గొణిగాడు.

"పిల్ల నచ్చలేదంటే సరేనబ్బా. సూసిన పిల్లకల్లా చావు ముహూర్తం పెడతాండావే" అన్నాడు ధనంజయ విసుగ్గా.

ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. మంచిది రానీ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాడు. తెల్లవారి ఇంటి వెనక చప్పుడైతే వెళ్ళి చూశాడు. చంద్రకాంతమ్మ అతని చొక్కాను బండ మీద కాలితో తొక్కిపట్టి, ఎడమచేత్తో బ్రష్షు రుద్దుతోంది. కుడిచేతి పట్టీ తడిసి ముద్దయింది. అతను చొక్కా లాక్కోబోయాడు.

"గమ్మున పో. లాడ్జీవోళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు. నీకు ఉతకనూ రాదు, మడ్డి వదలనూ వదల్దు" అంది.

ఆ మధ్యాహ్నం లాడ్జీ పని ముగించి, అక్కడే మేడ మీద ఆరేసిన దుప్పట్ల నీడలో నడుం వాల్చాడు. దుప్పట్లు గాలికి ఉబ్బుతూ, తగ్గుతూ ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఏడుకొండలు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతున్నాయి. కళ్ళు మూతపడ్డాయి. కలలో జీవకోన వీధి పొడుగునా అతను జన్మలో బాగుచేసిన మిషన్లన్నీ మూతలు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. చంద్రకాంతమ్మ బకెట్టు పట్టుకుని ఒక్కొక్కదాని ముందూ ఆగి, "నువ్వు మా ఇంటికి వస్తావా?" అని అడుగుతోంది. ఆ మిషన్ వెంకటముని వైపు తిరుగుతోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె బకెట్టుతో తరువాతిదాని దగ్గరికి నడుస్తోంది. వీధి మాత్రం అయిపోవడం లేదు.

సాయంత్రం కొర్లగుంటలో ఒక ఇంటినుంచి పిలుపొస్తే వెళ్ళాడు. మామూలుగా మూత మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. చేతికింద మిషన్ నీలుగుతోంది. కానీ గోడ అవతలినుంచి ఇంకో చప్పుడు వినిపించింది. పాతకాలపు బెల్టు మిషన్ చప్పుడు. మూలుగు లేదు, దడదడ లేదు. నీళ్ళు హాయిగా ఇటు తిరిగి, ఆగి, అటు తిరుగుతున్నాయి. అతను ఎరిగిన చప్పుళ్ళలో అది లేదు. పని ముగించుకుని పక్కింటి తలుపు తట్టాడు.

ఆ ఇల్లు పరుపులు కుట్టేవాళ్ళది. వరండా నిండా దూది. ఇంటావిడ ఫక్రున్నీసా అతని సంచి చూసి, "మేం ఎవర్నీ పిలవలేదే అన్నా?" అంది.

"తెలుసమ్మా. మీ మిషన్ ఒక్కతూరి సూసి పోతా."

రెండు తొట్ల మిషన్. రంగు వెలిసిపోయింది. కింద నాపరాయి పలక వేసి సమంగా నిలబెట్టారు. అతను చెయ్యి ఆనించాడు. ఈసారి నది వచ్చింది కానీ మూలుగు రాలేదు. ఎంతసేపు విన్నా రాలేదు.

"ఎప్పటిదమ్మా ఇది?"

"మా పెద్దపాప షబ్రీన్ పుట్టిన ఏడు కొన్నాం. దానికిప్పుడు పంతొమ్మిది."

"రిపేరు ఎవరు చేస్తారు?"

"ఎవురూ లేదన్నా. రోగం రానోళ్ళు డాక్టరు కాడికి ఏంటికి పోతారు?"

వెంకటముని అక్కడే దూది మూట మీద కూలబడ్డాడు. ఆసుపత్రిలోనే కాపురం పెట్టినవాడికి ఊరంతా రోగులే అనిపిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా తాను మంచాన పడ్డ మిషన్లనే చూశాడు. పిలవని ఇళ్ళలో, ఎండపడే పెరళ్ళలో, ఎన్ని మిషన్లు ఇలా గుట్టుగా కాపురం చేస్తున్నాయో అతనికి తెలియనే తెలియదు. మంచిది ఎప్పుడో వచ్చింది. అతని గుమ్మానికి రాలేదంతే.

"దీన్ని ఎట్లా సూసుకుంటారమ్మా?" అని శిష్యుడిలా అడిగాడు.

ఫక్రున్నీసాకు నవ్వొచ్చింది. చెప్పడానికి అందులో ఏముందంది. కొళాయి నీళ్ళే పోస్తుంది. తొట్టి నిండా కుక్కదు. పరుపుల ఇల్లు కాబట్టి బట్టలకు దూది పట్టి ఉంటుంది, అందుకని ఉతికిన ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో జాలీ తోముతుంది. నెలకోసారి వేడినీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి ఊరికే తిప్పుతుంది. అయ్యాక మూత తెరిచి ఆరనిస్తుంది. ఏ కంపెనీదని అడిగితే, ఆ కంపెనీవాళ్ళు ఎప్పుడో దుకాణం మూసేశారంది.

మర్నాడు అతను ధనంజయ దుకాణానికి ఒంటరిగా పోలేదు. చంద్రకాంతమ్మను ముందు నడిపించుకుపోయాడు. "ఈ పొద్దు నేను చెయ్యి పెట్టను. నువ్వే పెట్టు" అన్నాడు.

ఫక్రున్నీసా ఇంట్లోలాంటి రెండు తొట్లది అన్నిటికంటే ఎక్కువ కాలం బతుకుతుందని అతనికి తెలుసు. కానీ తడిబట్టలు ఒక తొట్లోంచి ఇంకో తొట్లోకి ఎత్తి వెయ్యాలి, ఆ బరువు మణికట్టు మీదే పడుతుంది. అది వద్దనుకున్నాడు. ముందు తలుపున్నదాని పిడి ఆమె వేళ్ళతో గిల్లి లాగలేకపోయింది. అదీ పక్కకు జరిగింది. చివరికి పై మూత ఉన్న ఒకదాన్ని ఆమె ఎడమ అరచేత్తో అలవోకగా ఎత్తింది. దాని మీట తిప్పడానికి వేళ్ళు అక్కర్లేదు, చేతి అంచు చాలు. లోపల స్టీలు తొట్టి. నీళ్ళు కాచే హీటరు లేదు, ఆర్భాటపు ఎలక్ట్రానిక్ బోర్డులు లేవు, విడిభాగాలు ఊళ్ళోనే దొరుకుతాయి. వెంకటముని తల నిలువుగా ఊపాడు. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. చెబితే మీరూ అదే కొంటారు, మీ ఇంటి నీళ్ళు వేరు, మీ ఇంటి చేతులు వేరు.

ఇంటి వెనక, ఉతికే బండకు ఎదురుగా, నాపరాయి వేసి రసమట్టం పెట్టి చూసి నిలబెట్టాడు. కిందకు ఎలుక దూరకుండా జాలీ కట్టాడు. కొళాయి గొట్టం బిగించాడు. చంద్రకాంతమ్మ మూతకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి హారతిచ్చింది. మిషన్ ముని ఇంటికి మిషన్ వచ్చిందని చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగు తలా ఒక ఎకసెక్కెం ఆడి వెళ్ళిపోయారు. ఎండ పెరట్లోకి దిగింది.

ఆమె చీరలు, తువ్వాళ్ళు, దుప్పటి ఒక్కొక్కటే ఎడమచేత్తో వేసింది. అతని పని చొక్కాలు నాలుగింటినీ పాత బకెట్టులో పక్కకు పెట్టింది.

"అవేంటికి ఆడ పెట్టినావు?"

"మడ్డి గుడ్డలు గదయ్యా. ఎయ్యొద్దని ఊరంతా చెప్తాండావు. ఈ నాలుగూ నేను బండ మీద రుద్దేస్తాలే. కొత్తది, చల్లంగా ఉండనీ."

వెంకటముని బకెట్టులోకి చూశాడు. ఊళ్ళో మిషన్ల నల్లటి మడ్డంతా ఈ చొక్కాలెక్కే రోజూ ఇల్లు చేరింది. ఇంటింటా ఆడవాళ్ళ చేతులకు సుఖమిచ్చి తాను ఇంటికి తెచ్చింది ఇదీ. ఇరవై నాలుగేళ్ళు దాన్ని వదిలించినవి ఆ మూడు వేళ్ళు. అతను తొట్లోంచి చీరలన్నీ బయటికి తీశాడు. బకెట్టు ఎత్తి నాలుగు చొక్కాలూ లోపల వేశాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "మిషన్ చస్తాదయ్యా."

"చస్తే బతికిస్తా. అది నాకు తెలిసిన పని. నీ చెయ్యి పోతే నాకు ఏ పనీ తెలీదు చంద్రా."

మూత మూసి మీట తిప్పాడు. నీళ్ళు దిగే చప్పుడు మొదలైంది. తొట్టి ఇటు తిరిగింది, ఆగింది, అటు తిరిగింది. అలవాటుగా అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకోబోయి, అతను ఆగిపోయాడు. చంద్రకాంతమ్మ పట్టీ విప్పి కుడిచెయ్యి మూత మీద పరిచింది. అతనిలాగే కళ్ళు మూసుకుంది. ఎక్కడికి వెళ్ళిందో అతనికి తెలియదు. ఇళ్ళల్లో తనకోసం జనం ఎదురుచూసినట్టు ఆమె ముందు నిలబడ్డాడు. దగ్గలేదు.

చాలాసేపటికి మెల్లగా అడిగాడు. "ఏమన్నా తెలస్తాందా?"

"చూపుడేలికి లేదు" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "బొటనేలికి రవంత ఒణుకు తెలస్తాండాది."