కాసినోకి చోటు లేదన్న ఉత్తరం

1988 మార్చి. డెట్రాయిట్ పక్కన ఒక చిన్న సబర్బ్‌లో, సిటీ హాల్ బేస్‌మెంట్‌లో నా ఆఫీసు. ఇంటికి రాసే ఉత్తరాల్లో దర్జాగా "సిటీ ఇంజనీర్" అని రాసుకునేవాణ్ణి గానీ, నేను చూసేది ఊరి మురుగు. సీవర్ ఇంజనీర్‌ని.

ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. అక్కడ వీధుల కింద రెండు రకాల పైపులుంటాయి. వాన నీళ్ళు నదిలోకి పోయేది స్టార్మ్ సీవర్. ఇళ్ళలో వాడిన నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకి పోయేది శానిటరీ సీవర్. ఈ రెండూ కలవకూడదు. మాకు ఎగువనున్న పక్క ఊరి మురుగు కూడా మా శానిటరీ పైపులోంచే ప్లాంటుకి పోవాలి. అందుకని అక్కడ ఏ పెద్ద కట్టడం రావాలన్నా, మా పైపులో చోటుందని మా సిటీ ఉత్తరం ఇవ్వాలి. దాన్ని కెపాసిటీ లెటర్ అనేవాళ్ళం. దాని మీద లైసెన్సున్న ఇంజనీరు సీలు పడాలి. ఆ సీలు నాది. ముందటేడే పరీక్ష పాసై తెచ్చుకున్నాను, ఇంకా ఇంకు కూడా సరిగ్గా అంటలేదు.

ఆ నెలలోనే పక్క ఊళ్ళో కాసినో వస్తోందన్న కబురు తెలిసింది. మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ స్థలాన్ని ఒక ఆదివాసీ తెగ కొనుక్కుంది. ఫెడరల్ ప్రభుత్వం దాన్ని ఆ తెగ పేర ట్రస్టు భూమిగా ఒప్పుకుంటే, అక్కడ నడిచేది తెగ చట్టమే, కాసినో పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ పోయి ఉద్యోగాల్లేక అల్లాడుతున్న పక్క ఊరు సరేనంది. మమ్మల్ని అడిగిన వాళ్ళు లేరు.

మా ఊరు హడలిపోయింది. రౌడీలొస్తారన్నారు, తాగుబోతులు మన వీధుల్లో కార్లు తోలతారన్నారు. అంతదాకా తలుపులకి గడియ పెట్టుకోని వాళ్ళు తాళాలు మార్పించుకున్నారు. తల్లులు పిల్లల వెంట స్కూల్ బస్ దాకా వచ్చి నిలబడేవాళ్ళు. ప్రతి లాన్ మీదా "నో కాసినో" బోర్డే. నేనూ ఒకటి పాతాను. నాకూ భయమే. గుంటూరు జిల్లాలో మా నాన్న పాస్టరు, పేక ముక్క ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ప్రకాశం గారింట్లో ఆదివారం మా తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. ఆయన కార్ల కంపెనీలో పెద్ద ఇంజనీరు, మాకందరికీ పెద్దన్న లాంటివారు. కూడిక అయ్యాక నన్ను పక్కకి పిలిచారు.

"బ్రదర్ పాల్, ఆ జూదం కొంప నీ సంతకం లేకుండా లేవదటగా?"

"సంతకమంటే... పైపులో చోటుందో లేదో చెప్పడమే అన్నగారూ."

"అదేనయ్యా. దేవుడు నిన్ను ఆ కుర్చీలో ఊరికే కూర్చోబెట్టాడనుకున్నావా?"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా ఛాతీ ఇంత పొంగింది.

చోటు లేదనడానికి నా దగ్గర కాగితం కూడా ఉంది. పైపులో నీటి మట్టాన్ని గీత గీసే ఫ్లో మీటర్ ఒకటి మా వీధి చివర మేన్‌హోల్‌లో పెట్టాను. పెద్ద వాన పడితే చాలు, ఆ గీత కాగితం అంచుకి తన్నేది. ఆ మేన్‌హోల్ పక్క ఇల్లే మిసెస్ కోవాల్స్కీది. భర్త పోయిన పెద్దావిడ, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. బేస్‌మెంట్‌లో కుట్టు మిషన్ పెట్టుకుని పెళ్ళి గౌన్లు సరిచేసి ఇచ్చేది. పైపు నిండిందంటే మురుగంతా ఆవిడ బేస్‌మెంట్ నేలలోని తూములోంచి పైకి తన్నుకొచ్చేది. వాన మొదలవగానే నాకు ఫోన్ చేసేది. గౌన్లన్నీ పైకి మోసుకెళ్ళాక, చీపురు పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఎన్నిసార్లు వెళ్ళి చూశానో లెక్క లేదు. ఏం చెయ్యాలో తోచేది కాదు.

"పాల్, ఆ కాసినో మురుగు కూడా కలిస్తే నేనీ ఇల్లు వదిలిపోవాల్సిందేనా?" అని అడిగింది ఒకసారి.

"రానివ్వనండీ," అన్నాను. మాటిచ్చేశాను.

ఏప్రిల్‌లో సిటీ మేనేజర్ మిస్టర్ బ్రూనర్ పైకి పిలిచాడు. సిటీకి మేనేజరంటే మన మున్సిపల్ కమిషనర్ లాంటివాడు. కాసినో ఆపడానికి లాయర్లకి ఏ దారీ దొరకలేదనీ, ఇక మిగిలింది సీవరేననీ చెప్పాడు. నేను గబగబా ఉత్తరం డ్రాఫ్ట్ చేశాను. వాన పడ్డప్పుడల్లా పైపు నిండిపోతోంది, అదనపు మురుగుకి చోటు లేదు. అంతే, నాలుగు లైన్లు.

సీలు వేసే ముందు మా ఫోర్‌మన్ డెన్నిస్‌కి చూపించాను. ఇరవై ఏళ్ళుగా మేన్‌హోల్స్‌లోకి దిగుతున్న మనిషి. చదివి బుర్ర గోక్కున్నాడు.

"నీళ్ళు పక్క ఊరి నుంచే వస్తున్నాయంటావా బాస్?"

"మరెక్కణ్ణుంచి?"

"బోర్డర్ దగ్గర మీటర్ పెట్టావా?"

పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచనే రాలేదు. కాసినో అనగానే నేనూ ఊరందరిలాగే అటువైపే చూశాను. తల తీసేసినట్టయింది. మర్నాడే రెండో మీటర్ పక్క ఊరి పైపు మాతో కలిసేచోట దింపించాను. మే నెలలో రెండు పెద్ద వానలు పడ్డాయి. బోర్డర్ మీటర్ గీత ఉన్నచోటు నుంచి పెద్దగా కదల్లేదు. మా వీధి చివర గీత మాత్రం మామూలుగానే అంచుకి తన్నింది. అంటే ఆ నీళ్ళు మధ్యలో, మా ఊళ్ళోనే, చేరుతున్నాయి.

రూఢి చేసుకోవడానికి స్మోక్ టెస్ట్ పెట్టాం. శానిటరీ మేన్‌హోల్ మీద పెద్ద ఫ్యాన్ బిగించి పైపుల్లోకి పొగ తోస్తారు. ఆ పొగ ఇంటి కప్పు మీద గాలి పోయే వెంట్ పైపులోంచి వస్తే సరే. వాన నీళ్ళు దిగే గట్టర్ పైపులోంచి వచ్చిందా, ఆ ఇంటి కప్పు మీద పడ్డ వానంతా దొంగచాటుగా శానిటరీలోకి పోతోందన్నమాట. జూన్ మొదట్లో, పట్టపగలు, మా వీధిలోనే మొదలుపెట్టాం. అయిదు నిమిషాలకల్లా గట్టర్లలోంచి తెల్లటి పొగ లేచింది. ఒక ఇల్లు, దాని పక్కిల్లు, ఎదురిల్లు. ఇరవై ఇళ్ళున్న వీధిలో పద్నాలుగిళ్ళు. అందులో ఒకటి కౌన్సిల్ మెంబర్‌ది. లాన్ల మీద "నో కాసినో" బోర్డులు, వాటి వెనక పొగ.

"బాస్, అటు చూడు," అన్నాడు డెన్నిస్. మా ఇంటి గట్టర్ లోంచి కూడా వస్తోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు కట్టినవాడు ఎప్పుడో కలిపేసి ఉంటాడు, నాకేం తెలుసు? కానీ నేను సీవర్ ఇంజనీర్‌ని. మిసెస్ కోవాల్స్కీ బేస్‌మెంట్‌లో తేలే నీళ్ళలో నా కప్పు నీళ్ళూ ఉన్నాయి. ఆవిడ వరండాలో నిలబడి, "పొగ బాగానే వస్తోందా పాల్?" అనడిగింది. వస్తోందన్నాను. ఆ శనివారమే రంపం తెచ్చి మా గట్టర్ పైపు కోసి, నీళ్ళు లాన్ మీదికి మళ్ళించాను. పక్కింటాయన ఏంటని అడిగితే తుప్పు పట్టిందన్నాను.

రిపోర్టు రాసి బ్రూనర్ ముందు పెట్టాను. అందరూ గట్టర్ పైపులు కోసేస్తే పైపులో కాసినోకే కాదు, ఇంకా దేనికైనా చోటుంటుంది. ఆయన ఓపిగ్గా చదివి, సొరుగులో పెట్టి మూసేశాడు.

"మీ ఇళ్ళవల్లే ఇదంతా, పైపులు కోసుకోండని ఓటర్లకి ఏ కౌన్సిలూ చెప్పదు పాల్. నీ ఉత్తరంలో రాసిందేమిటి? వానొస్తే పైపు నిండుతోంది. అబద్ధమా?"

"అబద్ధం కాదు. కానీ..."

"అయితే సంతకం పెట్టు." పెన్ను నా వైపు జరిపి, చాలా నెమ్మదిగా అన్నాడు. "అన్నట్టు, నీ ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర్నుంచి ఏదో ఫారం వచ్చింది. నేను సంతకం చెయ్యాలట గదా? గుర్తు చెయ్యి."

నా గ్రీన్ కార్డ్‌కి స్పాన్సర్ సిటీయే. వీసా గడువు ఆ డిసెంబరుతో సరి. ఆయన ఫారం ఆపితే జనవరిలో నేనూ, నా భార్య రూతూ, అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరబోతున్న పాపా పెట్టెలు సర్దుకోవడమే. బెదిరించాడని కూడా అనలేను, నవ్వుతూనే అన్నాడు.

రూతుకి చెప్పాను. తను స్టవ్ కట్టేసి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, మీరు రాసింది తప్పా?"

"తప్పు కాదు. సగం."

"మిగతా సగం మీ కార్డ్ వచ్చాక రాయొచ్చుగా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మర్నాడు సీలు వేశాను. అంచు అలుక్కుపోయింది, ఇంకో కాపీ మీద మళ్ళీ వేశాను.

వారం తర్వాత తెగ ఆఫీసు నుంచి లొరెయిన్ అనే ఆవిడ వచ్చింది. వాళ్ళ ప్లానింగ్ వ్యవహారాలు చూస్తుంది. యాభై ఏళ్ళుంటాయి. మూడు గంటలు డ్రైవ్ చేసుకొచ్చి, నేను మీటింగ్‌లో ఉన్నానని చెప్పిస్తే కదలకుండా కూర్చుంది. మీటింగ్ ఏమీ లేదు.

"ఈ ఉత్తరం నిజమేనా?" అని అడిగింది.

"నిజమేనండీ."

"బోర్డర్ దగ్గర కూడా కొలిచారా?"

బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. చివరికి, "సిటీ లాయర్‌ని అడగండి," అన్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది, కోపంగా కాదు. "మా వాళ్ళకి పని కావాలి. అక్కడ నా కొడుకులిద్దరికీ పని దొరికేది," అని, కాఫీకి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆఫీసులో ఫోన్ మోగితే చాలు, ఆవిడ లాయర్లేమో అని ఉలిక్కిపడేవాణ్ణి. ప్రమాణం చేయించి అడిగితే ఏం చెప్పాలా అని నిద్ర పట్టేది కాదు. ఎవరూ అడగలేదు.

శీతాకాలం వచ్చేసరికి తెగ ఆ స్థలం వదులుకుంది. నా ఉత్తరం వల్లే ఆగిందని చెప్పలేను, అది లేకపోయినా ఆగేదనీ చెప్పలేను. కూడికలో సాక్ష్యాలు చెప్పే సమయంలో ప్రకాశం గారు నన్ను లేపి నిలబెట్టారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకుని నిలబడితే దాన్ని వినయమనుకున్నారు. నవంబరులో గ్రీన్ కార్డ్ వచ్చింది. మిగతా సగం రాస్తానన్న మాట మాత్రం అలాగే వాయిదా పడుతూ వచ్చింది. ఈ వారం స్నో, వచ్చే వారం బడ్జెట్. కార్డ్ చేతికొచ్చినా భయం పోలేదు.

1989 ఏప్రిల్‌లో రెండ్రోజులు విడవకుండా వాన. మిసెస్ కోవాల్స్కీ ఫోన్ చేసింది. వెళ్ళేసరికి బేస్‌మెంట్‌లో మోకాటి లోతు. ఆ ఏడు పైకి మొయ్యలేకపోయింది, తుంటి నొప్పి. ఎవరో అమ్మాయి పెళ్ళి గౌను, శనివారానికి ఇవ్వాల్సింది, తీగ మీంచి జారి ఆ నీళ్ళలో పడి ఉంది. ఆవిడ మెట్ల మీద కూర్చుని దాన్నే చూస్తోంది.

"పాల్, ఆ కాసినో కట్టలేదు కదా?"

"కట్టలేదండీ."

"మరి ఈ నీళ్ళెవరివి?"

మా మాటలు వినేవాళ్ళు ఇంకెవరూ లేరు. లాయర్ల మీదికి నెట్టెయ్యొచ్చు, వాన మీదికి నెట్టెయ్యొచ్చు. ఎందుకో ఆ రోజు చేతకాలేదు.

"మనవేనండీ. ఈ వీధివే. మీ ఇంటి కప్పు నీళ్ళు, ఎదురింటివి... పోయినేటి దాకా మా ఇంటివి కూడా."

"నీకెప్పట్నుంచి తెలుసు?" అంది.

"జూన్ నుంచి."

రెయిలింగ్ పట్టుకుని లేచి, ఒక్కో మెట్టే ఎక్కి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ గౌను తీసి, పిండి, ఎక్కడ ఆరెయ్యాలో తెలీక దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

సోమవారం స్మోక్ టెస్ట్ రిపోర్టు మీద సీలు వేసి కౌన్సిల్ మెంబర్లందరికీ, ఒక కాపీ లొరెయిన్‌కీ పంపాను. బ్రూనర్ నన్ను పిలిచి కేకలేశాడు గానీ సీలు పడ్డ కాగితాన్ని వెనక్కి లాగలేకపోయాడు. గట్టర్లన్నీ కోయించడానికి రెండు వేసవులు పట్టింది. దీన్ని ధైర్యమని ఎవరూ అనుకోకండి, కార్డ్ జేబులో పెట్టుకుని చేసిన పని. లొరెయిన్ నుంచి జవాబు రాలేదు. ఏమని రాస్తుంది?

తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఉద్యోగం చేశాను. కుర్రాళ్ళు ఎవరైనా ఉత్తరం మీద సీలు కోసం తెస్తే, రాసింది నిజమా అని అడగను. తెలిసీ రాయకుండా వదిలేసిందేముందని అడుగుతాను. ఆ ఏడాది నేను భయపడ్డ వాళ్ళ పేర్లు వేళ్ళ మీద చెప్పగలను: బ్రూనర్, ప్రకాశం గారు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు, లొరెయిన్ లాయర్లు. నాకు కీడు చెయ్యగలిగిన ప్రతి ఒక్కరికీ భయపడ్డాను. నా వల్ల కీడు జరగగల మనిషి ఒకావిడ నాలుగిళ్ళ అవతలే ఉందని, ఆవిడ గురించి కూడా భయపడాలని నాకు తట్టలేదు.

మిసెస్ కోవాల్స్కీ బేస్‌మెంట్‌లోకి మళ్ళీ నీళ్ళు రాలేదు. వీధిలో కనిపిస్తే తలూపేది. కానీ ఆ తర్వాత ఎప్పుడు వాన మొదలైనా, ఆవిడ ఫోన్ చేసేది డెన్నిస్‌కే.