నూతినీళ్ళ మర్యాద

కాశీబుగ్గ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఒక కొబ్బరితోటలో పాతకాలపు ఊరొకటి కట్టారు. తాటాకు ఇళ్ళు, రోళ్ళు, నుయ్యి. అందులో పనిచేసేవాళ్ళు తాతలనాటి బట్టలు కట్టుకుని, ఆ రోజుల్లోనే బతుకుతున్నట్టు మాట్లాడతారు. చూసి తీరాలన్నారు మా ఆయన. డయాలసిస్ లేని రోజు చూసుకుని తీసుకెళ్ళాను.

ఆయన రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు కొలిచి చెప్పారు. దాటితే ఊపిరాడదు. ఒకసారి దాటింది. అంబులెన్సులో ఆయన గాలి కోసం పెనుగులాడటం చూశాను. అప్పట్నుంచీ నేను పెళ్ళాన్ని తక్కువ, కాపలాదారుని ఎక్కువ.

ఆ రోజు ఎండ మండిపోతోంది. ఆయన పెదాలు తడుపుకుంటూనే ఉన్నారు. మొదటి ఇంటి అరుగు ఎక్కామో లేదో, ముతక నేతచీర మోకాళ్ళ దాకా కట్టిన ఒకావిడ కంచు చెంబుతో ఎదురొచ్చింది.

“ఎండన పడొచ్చినారు. నీళ్ళు తాగి కూకోండి బావూ. మా నూతినీళ్ళు కొబ్బరినీళ్ళే!”

నాకు ఒళ్ళు మండింది. ఏ నీళ్ళు తాగి ఇంటింటా కిడ్నీలు పాడయ్యాయో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పని ఊళ్ళలో, నూతినీళ్ళ గొప్పలా! “ఆయనకి వద్దు,” అన్నాను.

“ఇంటికొచ్చి నీళ్ళొద్దంటారేటమ్మా? మమ్మల్ని ఎలేసినట్టు!”

మా వైపు ఇచ్చిన నీళ్ళు కాదనరు. తాగకపోయినా చెంబు ముట్టుకుంటారు. వెనకున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆయన చెంబు అందుకున్నారు. ముట్టుకుని ఇచ్చేస్తారనుకున్నాను. పైకెత్తారు.

“వద్దండీ!” అని అరిచాను.

ఎత్తిన చేతి మీంచి చొక్కా మోచేతి దాకా జారింది. డయాలసిస్ సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి కనిపించింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఒక్క ఊపున చెంబు లాక్కుంది.

“ఏ వారాలు తమ్ముడా?” అంది. ఆ గొంతు తాతలనాటిది కాదు.

“సోమ, గురు,” అన్నారాయన.

“మా ఆయినివి మంగళ, శుక్ర.”

ఆవిడ చెంబు వంచి ఆయన దోసిట్లో గుక్కెడు పోసింది. “పుక్కిలించి ఉమ్మీ. దాహం సల్లబడతాది. మా ఆయిన అలాగే సేత్తాడు.”

ఆయన నోట్లో పోసుకుని చాలాసేపు ఉంచుకున్నారు. అరుగు అంచుదాకా వెళ్ళి వంగారు. ఉమ్మలేదు. గొంతు కదిలింది.

నేను చూశాను. ఆవిడా చూసింది. ఇద్దరం ఊరుకున్నాం. వెనకవాళ్ళు అరుగెక్కుతుంటే ఆవిడ కొంగు సర్దుకుని, అదే చెంబుతో వాళ్ళకి ఎదురెళ్ళింది.

సాయంత్రం టీలో ఆ గుక్కెడు తగ్గించి ఇచ్చాను. ఆయన గ్లాసులోకి ఒకసారి చూసి, తాగారు.