స్టేబుల్ అంటే కోలుకోవడం కాదు

ముందు రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించేది, నున్నటి నేల మీద మెత్తగా, తొందర లేకుండా. ఐసీయూ బయట కుర్చీల్లో ముడుచుకున్న మేమంతా ఒక్కసారి నిటారుగా కూర్చునేవాళ్ళం. ఆ తర్వాతే ఆమె మలుపు తిరిగి కనిపించేది. నీలం కోటు, చెవి వెనక పెన్ను, సగం నెరిసిన జుట్టు. డాక్టర్ల మాటను బంధువులకు విడమరిచి చెప్పడం ఆమె ఉద్యోగం. సిబ్బంది వెక్కిరింపుగా పెట్టిన పేరు అర్థాలక్క. మా బాబాయి కోసం నేను ఆ కుర్చీల్లో కూర్చున్న రోజులవి.

అంతకుముందు ఆమె డాక్టర్ల గొంతులు విని రిపోర్టులు టైపు చేసేదట. ఏళ్ళ తరబడి చెవుల్లో ఆ ఇంగ్లీషు వానలా కురిసింది. ఆ వానలో తడిసే మనుషులను మాత్రం ఇక్కడికొచ్చాకే చూసింది. రిపోర్టు నెగిటివ్ వచ్చిందని గోడకు తల ఆనించి ఏడ్చిన పెద్దాయనను చూసింది. జబ్బు లేదని దాని అర్థమని ఆయనకెవరూ చెప్పలేదు. ఇన్‌ఫ్లమేషన్ అన్నా ఇన్‌ఫెక్షన్ అన్నా ఒకటేననుకుని, కీళ్ళు వాచిన మామగారి దగ్గరికి పిల్లలను పోనివ్వని కోడలిని చూసింది. ఒళ్ళు వాచి మండడం వేరు, క్రిములు చేరడం వేరు అని ఆవిడకూ ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆమెకొక పద్ధతి అలవడింది. చెప్పాల్సింది చెప్పాక, ఇంటికి ఫోన్ చేసి ఏమంటారో నాతో అనండి అని అడిగేది. వాళ్ళు అనేదాకా కదిలేది కాదు. ఇంట్లోనూ ఇదే వరస అని వాళ్ళ అత్తగారి ఫిర్యాదట: కాస్త తలనొప్పి అనడానికి లేదు, కాస్తంటే ఎంతని నిలదీస్తుంది.

బట్టలు కుట్టే ఒక అమ్మాయి ఉండేది. అమ్మ పోయాక పెంచిన అక్క లోపల ఉంది. ఒక ఉదయం పెద్ద డాక్టరు నడుస్తూనే "స్టేబుల్" అనేసి వెళ్ళిపోయాడు. అమ్మాయి ముఖం వెలిగింది. దుకాణంలో పని ఆగిపోయిందని, రెండు రోజుల్లో వస్తానని సంచి భుజాన వేసుకుంది. అర్థాలక్క అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో ఏమని చెప్తావమ్మా?"

"అక్క కోలుకుంటోందని. స్టేబుల్ అన్నారు కదా మేడం."

"కోలుకుంటోందని అనలేదు తల్లీ. నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉందన్నారు. నిన్న ప్రమాదంలో ఉంది. ఇవాళా అందులోనే ఉంది."

అమ్మాయికి ఒళ్ళు మండింది. డాక్టరు కంటే మీకెక్కువ తెలుసా అంది, ఇలాంటి నోటితో ఈ ఉద్యోగమెలా చేస్తున్నారంది. అర్థాలక్క అన్నీ పడింది. కాసేపటికి సంచి దానంతటదే భుజం మీంచి జారింది. నర్సును బతిమాలి అర్థాలక్కే ఆ అమ్మాయిని లోపలికి పంపింది. అక్క మెలకువగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

ఆ వారమే మేనేజరు అర్థాలక్కను పిలిపించాడు. నువ్వు బంధువులను భయపెడుతున్నావు, వాళ్ళు ప్రశ్నలు వేస్తున్నారు, డాక్టర్ల సమయం పాడవుతోంది అన్నాడు. ఇకనుంచి డాక్టర్లన్న మాటే అను, అర్థం చెప్పకు అన్నాడు.

ఎంత హాయైన ఏర్పాటు! చల్లటి మాటొకటి మనిషి చేతిలో పెట్టి నడిచిపోవచ్చు. ఆ మనిషి దాన్ని ఆశ అనుకుని ఇంటికి పోయి, తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంటే, తప్పు విన్నవాళ్ళదట. తెలియని భాషలో చెప్పినవాళ్ళకు ఏ పాపమూ అంటదట.

అలాగైతే నాకు జీతమెందుకు, ఒక రికార్డరు పెట్టుకోండి అని ఆమె మేనేజరుకు జవాబిచ్చిందట. మర్నాటి నుంచి ఆమెను సందర్శకుల పాసులిచ్చే కిటికీలో కూర్చోబెట్టారు.

బాబాయిని ఇంటికి తీసుకెళ్ళే రోజు ఆ కిటికీ దగ్గర ఆగి, ఇది అన్యాయం కదా అన్నాను. ఆమె పాసు మీద ముద్ర గట్టిగా కొట్టి, తల ఎత్తింది.

"ఇక్కడ కూర్చోబెడితే కూర్చోబెట్టనీ. ఆ పిల్ల చివరిదాకా వాళ్ళక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ గడియలను వెనక్కి లాక్కోమను వీళ్ళను, చూస్తాను."