ఫిబ్రవరి ఇంటి మేకలు

మా టీచరమ్మ పోయిందని పోయిన బుధవారం తెలిసింది. ఎమ్మిగనూరు బడిలో చిన్నపిల్లలకు గుణింతాలు చెప్తున్నాను. మా తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, ఆదోనిలో టీచరమ్మ పోయిందంట. సాయంత్రం మట్టి సేస్తారంట" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి బస్సెక్కాను. దారిలో ఏడవలేదు. తలలో లెక్క నడిచేటప్పుడు ముఖం మీద ఏమీ కనపడకూడదన్నది ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం. ఆదోని కొండలు కనిపించేదాకా ఆ పాఠం పనిచేసింది. ఆ తర్వాత చేయలేదు.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పెద్దకడుబూరు పక్కన మా పల్లెలో మిషను బడి ఉండేది. ఆ బడికంతా ఆమె ఒక్కతే టీచరు. తెల్లచీర, బుగ్గన లవంగం, చేతిలో నల్లగొడుగు. వాన పడని మా సీమలో గొడుగెందుకని ఊరంతా నవ్వేది. పలక పగలగొట్టిన పిల్లల వీపు మీద మాత్రం అది బాగా పనికొచ్చేది. కోపం ముక్కు మీదే ఉండేది, అంతే తొందరగా దిగిపోయేది.

చిన్నతనంలో బళ్ళారిలో ఒకాయన సభలో గణితావధానం చేస్తుంటే చూసిందట. ఎవరు ఏ తారీఖు అడిగినా అది ఏ వారమో ఆయన చెప్పేసేవాడట. ఇంటికొచ్చి ఎవరి సాయమూ లేకుండా కిటుకు పట్టుకుంది. కానీ నలుగురి ముందు నిలబడితే ఆమెకు గొంతు పడిపోయేది. "లెక్క నా దగ్గరుంది. గొంతు నీ దగ్గరుంది. రెండూ కలుపుదాం రా" అని ఒకరోజు నన్ను పట్టుకుంది. నాది బజారు గొంతు మరి.

అప్పుడింకా మా ఊళ్ళు బళ్ళారి జిల్లాలో ఉండేవి. నేను ఐదో తరగతి. అది అయిపోతూనే బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపాలని మా నాయన తీర్మానించుకున్నాడు. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళే. టీచరమ్మ మా ఇంటికొచ్చింది.

"ఆడపిల్లకు ఇంకేం సదువు టీచరమ్మా? ఉన్నదే ఎక్కువాయ" అన్నాడు నాయన.

"ఆదోనిలో బడుల పండగుంది. ఆడ నీ కూతురు సభలో లెక్కలు సెప్తాది. వచ్చి సూడు. సూసినాక నీ ఇష్టమప్పా. నేను మల్లా నీ గడప తొక్కను" అందామె. ఆ చివరి మాట నచ్చి నాయన ఒప్పుకున్నాడనుకుంటాను.

వారం చెప్పే లెక్కలో నెలకొక అంకె ఉంటుంది. అవి గుర్తుంటే మిగిలినదంతా కూడిక, ఏడుతో భాగహారం. నాకు ఆ అంకెలు ఒక పట్టాన నిలిచేవి కావు. ఆమె విసుక్కుని గొడుగు తీసుకుని నన్ను మా వీధిలోకి లాక్కుపోయింది. వరసగా ఇళ్ళకు నెలల పేర్లు పెట్టింది. జనవరి ఇల్లు ఖాళీ, తాళం వేసుంది, కాబట్టి సున్న. ఫిబ్రవరి ఇంటి ముందు మూడు మేకలు, కాబట్టి మూడు. మే ఇంట్లో ఒంటెద్దు, కాబట్టి ఒకటి. అట్లా డిసెంబరు దాకా నడిపించింది. ఇంటికొచ్చేసరికి సంవత్సరమంతా నా తలలో కాపురం పెట్టేసింది.

కొన్నాళ్ళకు ఫిబ్రవరి లెక్కలన్నీ తప్పడం మొదలైంది. ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ మళ్ళీ తప్పాను. చివరికి నా తలలో ఏముందో చెప్పించుకుంది. ఫిబ్రవరి ఇంటి మేక ఈనింది. పిల్లను కూడా కలిపి నేను నాలుగు వేస్తున్నాను. టీచరమ్మ గొడుగు కింద పడేసి, గోడకానుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "మేకలు ఈనుతాయి గానీ నెలలు ఈనవే పిచ్చిదానా" అంది. ఆమె అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

శెనక్కాయలు ఒలుస్తూ, నీళ్ళు మోస్తూ సాధన చేశాను. జవాబు దొరకగానే అరిచేసేదాన్ని. అది ఆమెకు నచ్చేది కాదు. "బిరబిరా సెప్తే గారడీ అనుకుంటారు. జవాబు వచ్చినాక కూడా కొంచెంసేపు ఆగు. వాళ్ళు కూడా వెనకాల వస్తాంటారు, రానీ" అనేది. నాకు అర్థమయ్యేది కాదు. వచ్చిన జవాబును నోట్లో పెట్టుకుని కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది?

సభ రోజు పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పత్తిమిల్లు కూలీలు, పల్లెల నుంచి బండ్లు కట్టుకొచ్చిన తల్లిదండ్రులు. పంతుళ్ళు అడిగితే ముందే మాట్లాడుకున్నారంటారని వాళ్ళను అడగొద్దన్నారు. పెద్ద సారు నన్ను బల్ల మీద నిలబెట్టి, "ఏ తారీఖైనా అడగండి, పాప వారం చెప్తుంది" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. మేమిద్దరం అన్నీ సాధన చేశాం గానీ ఈ ఒక్కటి ఆలోచించలేదు. మా జనంలో పుట్టిన తారీఖు తెలిసినవాడెవడు? తారీఖంటే కోర్టుకు తిరిగేవాళ్ళ సంగతి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన తల వంచుకుని తన కాళ్ళు చూసుకుంటున్నాడు. నా చదువు అక్కడే అయిపోయిందనుకున్నాను.

అప్పుడు పందిరి పక్క నుంచి ఒక గొంతు వచ్చింది. సగం పలికి సగం విరిగిపోతోంది. టీచరమ్మ, గొడుగును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. "తారీఖులొద్దమ్మా. పండగలు సెప్పండి. ఉగాదికి పుట్టిన బిడ్డ ఎవరికుండాడు?"

పాత ఉగాదుల తారీఖులన్నీ ఆమెకు నోటికొచ్చు. క్రైస్తవురాలివి, నీకెందుకవి అంటే, అంకెలకు మతమేముంది అనేది.

కౌతాళం నుంచి వచ్చిన ఒకావిడ లేచి, తన కొడుకు ఉగాది నాడే పుట్టాడనీ ఎనిమిదేండ్లయిందనీ చెప్పింది. టీచరమ్మ ఆ ఏటి ఉగాది తారీఖు అందించింది. నేను వీధిలో ఏప్రిల్ ఇంటి దాకా పోయి వచ్చి, "సోమవారం" అన్నాను. "హౌదమ్మా, సోమవారమే" అని ఆవిడ రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది. తారీఖులు తెలియకపోయినా వారాలు ఏ తల్లీ మరిచిపోలేదు. ఇక పందిరంతా చేతులే. ఒకరు క్రిస్మస్ అన్నారు, ఒకరు ఉగాది పోయిన మూడోనాడన్నారు. టీచరమ్మ తారీఖు పలకడం, నేను వారం చెప్పడం.

చివర్లో నాయన లేచాడు. "నా కూతురు. ఉగాది మర్నాడు. పదకొండేండ్లు" అన్నాడు. ఆ కూతురు బల్ల మీద నిలబడ్డ నేనేనని చెప్పలేదు. జవాబు వచ్చింది. మొదటిసారి నేను ఆగాను. ఆయన ముఖం చూశాను. ఆయన అప్పటికే ఆ రోజులోకి నడుచుకుంటూ పోతున్నట్టున్నాడు. అక్కడికి చేరాడనిపించాక, "మంగళవారం" అన్నాను.

"మంగళవారమే. ఆ పొద్దు నేను కౌతాళం నుంచి నడిచొచ్చినా" అని కూర్చున్నాడు.

బండిలో తిరిగి వస్తూ, "పత్తి ఏరనీకి మేముండాంలే. నువ్వు సదువుకో" అన్నాడు. ఆ మాట చెప్పడానికి టీచరమ్మను ఇంటికి పిలిస్తే, గడప తొక్కనన్న మాట పట్టుకుని గొడుగేసుకుని బయటే నిలబడింది. నాయన బతిమాలి లోపలికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే నాకు ఆదోని హాస్టలూ, ట్రైనింగూ, ఈ బడీ. నేను తినే ప్రతి ముద్దలో ఆమె ఉంది.

బుధవారం సమాధుల తోటలో మట్టి వేయడం అయిపోయాక, సమాధి రాయి మీద పుట్టిన తారీఖు ఏం చెక్కించాలని పాస్టరయ్య అడిగాడు. సంవత్సరం తెలుసు. తారీఖు ఎవరికీ తెలియదు. ఊరందరి పుట్టినరోజులు చెప్పించిన మనిషి తనది ఎవరికీ చెప్పుకోలేదు. ఆస్పరి నుంచి వచ్చిన ఆమె చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుని, "ఫిబ్రవరి నెల, రెండో ఆదివారమంట. గుడికి పోయొచ్చినాక అమ్మకు నొప్పులొచ్చినాయంట. నాకు అంతే తెలుసు" అంది.

కళ్ళు మూసుకున్నాను. మా వీధిలో నడిచాను. జనవరి ఇంటికి తాళం ఉంది. దాని పక్క ఇల్లు నిజానికి కూలిపోయి చాలా ఏళ్ళయింది. అయినా దాని ముందు మూడు మేకలు కట్టేసే ఉన్నాయి. ఈసారి పిల్లను లెక్కపెట్టలేదు.

కళ్ళు తెరిచాను. పాస్టరయ్య, ఆమె చెల్లెలు, మా తమ్ముడు, అందరూ నా వైపే చూస్తున్నారు. జవాబు నోట్లోనే పెట్టుకుని, వెనకాల రావలసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని కొంచెంసేపు ఆగాను.