ఆగిన మోటారు

అమలాపురంలో మా పక్కింటి బాబాయిగారికి చెడిపోయిన యంత్రం కంటే పనిచేసే యంత్రం మీదే అనుమానం ఎక్కువ. గల్ఫ్ నుంచి వచ్చాక, ఫ్యాక్టరీ మోటార్లను నడిపే పాత కంట్రోలర్ ఒకటి కొని, దానికి ప్రోగ్రాం రాయడం ఇంట్లోనే నేర్చుకునేవారు. కిటికీలో ఎర్రదీపాలు, పచ్చదీపాలు మిణుకుమంటుంటే వీధంతా ఆయన్ని అనుమానించేది.

ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్లాను. చిన్న మోటారు బకెట్‌లోకి నీళ్లు తోడుతోంది. నిండగానే దానంతటదే ఆగాలట. నీళ్లు అంచుదాకా వచ్చాయి. మోటారు ఆగింది.

"ఆగిందండీ బాబాయిగారూ!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన నవ్వలేదు. "ఆయ్, ఆగింది. ఎందుకాగిందంటావమ్మా?" అంటూ తలెత్తి చూశారు.

పైన ఫ్యానూ తిరగడం లేదు. కరెంటు పోయింది.

ఇప్పటికీ ఏ పనైనా సాఫీగా జరిగిపోతే, సంతోషించే ముందు ఫ్యాను వంక చూస్తాను.