రాజమ్మ పగలగొట్టిన మొక్కు బెల్లం

నిన్న పొద్దున ఫోన్ ఎత్తగానే మనవరాలు శ్రావణి ఏడుపు.

"అమ్మమ్మా, చిన్నమ్మమ్మ పోయింది."

"ఏ చిన్నమ్మమ్మ?" అని అడిగాను. నాకున్నది ఒక్కతే యారాలు, మా మరిది భార్య రాజమ్మ. మామిడికాయ తొక్కులో ఉప్పెక్కువైందని మొన్ననే ఫోన్‌లో నాతో వాదించిన మనిషి.

ఏళ్ల తరబడి మాది ఒకే వాకిలి. నేను జనగామకు వచ్చాక కూడా మా పోట్లాటలు ఆగలేదు.

శ్రావణికి చిన్నప్పటి నుంచి షుగర్. ఇన్సులిన్ లేనిదే పూట గడవదు. కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో రక్తం కనబడింది. నేను సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే పిల్ల బరువంత బెల్లం, మొక్కాను. రక్తం ఆగింది. డాక్టర్ ఇక తిరగొచ్చు అన్నాకే రాజమ్మను వెంటబెట్టుకుని మొగుళ్లపల్లి దగ్గరి సమ్మక్క గద్దెలకు బయలుదేరాం.

పిల్ల సూది వేసుకుని ఇడ్లీ తిన్నది. దారిలో అంతా కక్కేసింది. మొక్కు తీరేదాకా మళ్లీ ఏమీ ముట్టనన్నది.

బెల్లంతో తూకం వేయగానే వణుకు మొదలైంది. ఒళ్లంతా చెమట. మాట తడబడింది.

"తల్లి వచ్చింది, జరుగుండ్రి!" అని ఎవరో కేక వేశారు. అందరూ చేతులు జోడించారు. పసుపు నీళ్లు చల్లారు.

రాజమ్మ వాళ్లను తోసుకుంటూ వచ్చింది.

"తల్లీ లేదు, గిల్లీ లేదు! షుగర్ పడిపోయింది. నాకెన్నిసార్లు గిట్ల కాలే?"

తూకంలోని బెల్లం దిమ్మను కొబ్బరికాయతో ఒక్కటి కొట్టింది.

"ఓసే, మొక్కు బెల్లమే అది!" అని అరిచాను.

"తర్వాత తిట్టు అక్కా. సమ్మక్కకు నేను జవాబు చెప్పుకుంట."

"బిడ్డా, నా దిక్కు చూడు. మింగుతవా?"

పిల్ల తలూపాకే రాజమ్మ కొంచెం కొంచెంగా నోట్లో పెట్టింది.

వణుకు తగ్గగానే ఆటోలో భూపాలపల్లి దవాఖానకు పోయాం. గ్లూకోజ్ ఎక్కించారు. స్కానింగ్‌లో బిడ్డ గుండె చప్పుడు వినబడేదాకా రాజమ్మ నా చెయ్యి వదల్లేదు.

తగ్గిన బెల్లం మళ్లీ తూచి ఇవ్వాల్సిందేనని నేను పట్టుబట్టాను.

"సమ్మక్క తరాజు పట్టుకొని కూసున్నదా అక్కా?"

ఆ రోజు నేను నవ్వలేదు. ఇప్పుడు నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లతో.

ఆ నాటి నుంచి రాజమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది.

నిన్న నేను వెళ్లేసరికి శ్రావణి కూతురు రాజమ్మ పక్కన కూర్చుని ఆ ముడి విప్పుతోంది. ముక్క దొరికింది. నోట్లో వేసుకుంది. ఎవరమూ ఆపలేదు.

వెళ్లిరా రాజమ్మా. సమ్మక్క అడిగితే ఆ పాపను చూపించు, అదే జవాబు. తగ్గిన బెల్లం లెక్క నేను కొట్టేశాను.

నిమ్మళంగా పడుకో.